ఇటుకా, నిషిద్ధాక్షరీ

ఉపాధ్యాయుల శిక్షణ తరగతిలో ఒకసారి తలా ఒక తెల్ల కాగితం ఇచ్చి, మూడు నిమిషాల్లో ఇటుకతో ఏమేం చేయొచ్చో రాయమన్నారు. గోడ, అరుగు, మెట్టు అని మొదలుపెట్టాను. మంచంకోడు కింద ఎత్తు పెట్టొచ్చు, గాలికి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టొచ్చు, మూడు తెచ్చి పొయ్యి పెట్టొచ్చు, పొడిచేసి ఇత్తడి బిందె తోమొచ్చు. మొత్తం పదకొండు వచ్చాయి. పక్కన కూర్చున్న లెక్కల మాస్టారికి ఇరవై రెండు. తొంగి చూస్తే అందులో సగం దేన్నో ఒకదాన్ని కొట్టడానికే: పామును, కుక్కను, మామిడికాయను, కొబ్బరికాయను, మేకును. ఆయన నాకంటే రెండింతలు సృజనశీలి అని ఆ మధ్యాహ్నం లెక్క తేలింది.

ఉక్రోషం వచ్చిన మాట నిజమే. కానీ ఇంటికి పోతూ బస్సులో తలుచుకున్నది ఇటుకను కాదు. పన్నెండేళ్లప్పుడు మా ఊరి రామాలయం ముందు పందిట్లో, నాన్న పక్కన చాప మీద కూర్చుని చూసిన మరో పరీక్షను, అష్టావధానాన్ని. అక్కడ పద్యం చెప్పవలసినవాడు ఒక్కడు, అడిగేవాళ్లు, అంటే పృచ్ఛకులు, ఎనిమిదిమంది. కాగితం కలం అడిగేవాళ్ల దగ్గరే ఉన్నాయి. అవధానిగారు మాట ఎత్తగానే ఎదురుగా బక్కపలచటి మాస్టారొకరు చెయ్యి పైకెత్తి ఒక అక్షరం పేరు చెప్పి, అది వాడకూడదన్నారు. మరో మాట ఎత్తితే మరో అక్షరం వద్దన్నారు. దాని పేరే నిషిద్ధాక్షరి. అది వేధింపు అనుకున్నాను. నాన్న మాత్రం వేధిస్తున్న మాస్టారి వంకే చూస్తూ తల ఊపుతున్నాడు.

ఈ రెండూ సృజనశక్తికి పెట్టిన పరీక్షలే. ఒకటి అమెరికా మనస్తత్వశాస్త్రం పెట్టింది, ఒకటి తెలుగు సభ పెట్టింది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలని అప్పటినుంచీ ఉంది.

ఇటుక వెనక ఉన్న మనిషి జె. పి. గిల్‌ఫర్డ్. రెండో ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా వైమానిక దళానికి విమానచోదకులను ఎంపిక చేసే పరీక్షల మీద పనిచేశాడు. 1950లో అమెరికన్ మనస్తత్వవేత్తల సంఘానికి అధ్యక్షుడిగా ఇచ్చిన ఉపన్యాసంలో ఒక లెక్క చెప్పాడు: అంతకు ముందు 23 ఏళ్లలో ఆ శాస్త్రపు సూచికకెక్కిన సుమారు 1,21,000 రచనల్లో సృజన గురించి కచ్చితంగా మాట్లాడేవి 186. బుద్ధిని కొలిచే పరీక్షలన్నీ ఒకే సరైన జవాబు ఉన్న ప్రశ్నలు వేస్తున్నాయనీ, పది దారుల్లో పోయే ఆలోచనను అవి పట్టుకోలేవనీ ఆయన ఫిర్యాదు. దాంట్లోంచి పుట్టిందే ఇటుక ప్రశ్న. ఆ తరువాత పాల్ టొరెన్స్ వచ్చి, దాన్ని బడిపిల్లల దాకా తెచ్చి, 1966లో తన పేరుతో పరీక్షల సంపుటి వెలువరించాడు. ఈ టొరెన్స్ కూడా వైమానిక దళం దగ్గర పనిచేసినవాడే. శత్రుభూమిలో విమానం కూలితే సిబ్బంది ఎలా బతికి బయటపడాలన్నది అక్కడ ఆయన పరిశోధన. చేతికి దొరికిన వస్తువును దాని అసలు పనికి కాక వేరే పనికి వాడగలిగినవాడే బతుకుతాడు. ఇటుక ప్రశ్నలో ఇప్పటికీ ఆ యుద్ధపు వాసన ఉందని నాకనిపిస్తుంది. లెక్కల మాస్టారు దాన్ని ఆయుధంగా చూడటంలో వింతేమీ లేదు.

మన దేశానికీ అది వచ్చింది. 1970ల్లో బాకర్ మెహదీ భారతీయ విద్యార్థుల కోసం ఇలాంటి పరీక్షనే రూపొందించాడు. ఇక మన డీఎస్సీ, టెట్ పుస్తకాల్లో అయితే ధారాళత, నమ్యత, సహజత్వం, విస్తరణ అనే నాలుగు మాటల్ని అభ్యర్థులు కంఠతా పడతారు. వీటిలో సృజనాత్మకత లక్షణం కానిదేది అని నాలుగు జవాబులిచ్చి ఒకటి గుర్తించమంటారు. ఒకే సరైన జవాబు ఉన్న ప్రశ్న మీద యుద్ధం ప్రకటించిన గిల్‌ఫర్డ్‌కు ఇంతకంటే పెద్ద శిక్ష ఇంకెవరూ వేయలేదు.

ఆ నాలుగు మాటల్లో మొదటిది చూడండి, ధారాళత. ఎన్ని జవాబులు వచ్చాయన్నదే దాని కొలత. అవధాన సభలో పెద్దలు మెచ్చుకునే మాట ధారాశుద్ధి. రెండింట్లోనూ ఉన్నది ఒకే ధార. కానీ ఇటుక పరీక్షలో ధార అంటే లెక్క, అవధానంలో ధార అంటే నడక. పద్యం తడుముకోకుండా, వ్యర్థపదం పడకుండా, విన్నవాడి చెవికి అతుకు తెలియకుండా సాగాలి. ఇరవై రెండు పద్యాలు చెప్పమని అక్కడెవరూ అడగరు. ఒక్కటే అడుగుతారు, అదీ నాలుగు ముక్కలుగా.

అసలు పోలిక మొదలయ్యేది మూడో మాట దగ్గర. పుస్తకాలు సహజత్వం అన్నాయి గాని, నేను కొత్తదనం అంటాను. కొత్తదనాన్ని కొలవడం ఎలా? గిల్‌ఫర్డ్, టొరెన్స్ చేసింది తెలివైన పనే. జవాబు ఎంత అరుదుగా వస్తుందో లెక్కపెట్టారు. వందమందిలో అరవైమంది గోడ అని రాస్తే దానికి విలువ లేదు, ఒక్కడే రాసినదానికి విలువ ఎక్కువ. అంటే కొత్తదనమంటే సంభావ్యత తక్కువగా ఉండటం. బాగానే ఉంది. కానీ ఆ వందమందీ ఎవరు? వాళ్లు పరీక్ష రాసినవాడికి తెలియదు, కనబడరు, ఎప్పుడో రాసిపోయారు. వందకు బదులు పదివేలమందిని పోగేస్తే నిన్నటి అపూర్వమైన జవాబు ఇవాళ నలుగురు రాసిన జవాబైపోతుంది. పైగా అరుదైనదల్లా గొప్పది కాదు. ఇటుకను నానబెట్టి తినొచ్చు అని రాస్తే అదీ అరుదే.

నిషిద్ధాక్షరి కొలిచేది కూడా సరిగ్గా ఈ సంభావ్యతనే. అయితే పట్టిక చూసి కాదు, ఎదుటి మనిషిని కూర్చోబెట్టి. సరస్వతి మీద కందం చెప్పమన్నారనుకుందాం. అవధాని 'వా' అన్నాడు. పృచ్ఛకుడి బుర్రలో క్షణంలో రెండు దారులు మెరుస్తాయి: వాణి, వాగ్దేవి. ఏది ఎక్కువ అవకాశం ఉన్నదో దాని అక్షరాన్ని కొట్టేస్తాడు. అవధాని రెండోదాన్ని అందుకోవచ్చు. లేదా రెండింటినీ వదిలి 'రి' అని, వారిజభవుడి రాణి దగ్గరికి దారి తీయవచ్చు. అప్పుడు మళ్లీ పృచ్ఛకుడి వంతు. అక్షరం అక్షరానికీ ఇదే. ఎదుటివాడు ఊహించినది చెల్లదు. ఊహకందనిది అని మనం అలవాటుగా అనేస్తుంటామే, ఆ మాటకు ఇక్కడ అక్షరాలా అర్థం ఉంది. ఆ ఊహ ఎవరిదో తెలుసు, ఎంత పదునైనదో తెలుసు, అందకపోవడం సభంతా చూస్తుంది.

అంతేకాదు, ఊహకందకపోతే చాలదు. గణం తప్పకూడదు, యతి ప్రాసలు కుదరాలి, చివరికి అది సరస్వతి మీద పద్యం కావాలి. ఇటుకను తినే జవాబుకు ఇక్కడ చోటు లేదు. సృజన అంటే కొత్తదీ, పనికొచ్చేదీ అని మనస్తత్వవేత్తలు ఇప్పుడు ఇంచుమించు ఏకాభిప్రాయంతో చెబుతున్న నిర్వచనంలో రెండో సగాన్ని ఇటుక పరీక్ష గాలికొదిలేసింది. నిషిద్ధాక్షరి రెండు సగాలనూ ఒకే బిగువులో పట్టుకుంది. మాటకు మాట చేరుస్తూ తరువాతి మాటను అంచనా వేసే కృత్రిమ మేధ యంత్రాలు వచ్చాక నాకు ఈ ప్రక్రియ మీద గౌరవం పెరిగింది. ఆ యంత్రం ఎక్కువగా తొక్కిన దారి వైపు ఒరుగుతుంది. ఆ దారికి అడ్డంగా కూర్చోవడమే పృచ్ఛకుడి పని.

ఇచ్చిన మాటల్ని పద్యంలో ఇమడ్చమనే దత్తపదికి కూడా అమెరికా మనస్తత్వశాస్త్రంలో ఒక బంధువు ఉన్నాడు. 1962లో సార్నాఫ్ మెడ్నిక్, సృజన అంటే దూరదూరంగా ఉన్న భావాల్ని కలపడమేనన్నాడు. సంబంధం లేనట్టు కనిపించే మూడు మాటలిచ్చి, మూడింటితోనూ అతికే నాలుగో మాట చెప్పమన్నాడు. తెలుగులో చెప్పాలంటే: కన్ను, వాన, కొబ్బరి. జవాబు నీరు. మంచి ఆట, కానీ జవాబు ముందే పరీక్షకుడి జేబులో ఉంది. దత్తపదిలో అలా కాదు. పూరి, వడ, దోసె, కారం అనే నాలుగు మాటలిచ్చి, అశోకవనంలో సీతను వర్ణించమంటాడు పృచ్ఛకుడు. ఆయన జేబులో ఏమీ ఉండదు. వడ వడలిన ముఖంలోకి పోవాలి, దోసె దోసెడు కన్నీళ్లలోకి, కారం అంధకారంలోకి. పూరి శోకం పూరించిన గుండెలోకి పోతుందో, మరెక్కడికి పోతుందో అవధాని చూసుకుంటాడు. పద్యం పూర్తయ్యేసరికి హోటల్ మూతపడి ఉండాలి. మెడ్నిక్ మాటల్ని కలపమన్నాడు, దత్తపది కరిగించమంటుంది. కలపడం కంటే కరిగించడం కష్టమని వంట చేసినవాళ్లందరికీ తెలుసు.

సమస్యాపూరణంలోనూ ఇదే. తప్పుగానో, బూతుగానో, అసంబద్ధంగానో వినిపించే ఒక పాదం ఇస్తారు. 'ధర్మము వీడినవాడే గొప్పవాడు' అనేలాంటి మాట ఇచ్చారనుకోండి. పైపాదం చివర 'అ' అనే అక్షరం నిలబెడితే చాలు, అధర్మం వీడినవాడు గొప్పవాడైపోతాడు. ఇచ్చిన పాదంలో ఒక్క అక్షరమూ మారలేదు, అర్థం తలకిందులైంది. అక్షరం చేర్చడం కుదరకపోతే ఆ మాట ఎవరి నోట పెట్టాలో వెతుకుతాడు, పురాణంలో ఎక్కడ అది నిజమవుతుందో వెతుకుతాడు. ఏనుగుల మంద దోమ గొంతులో దూరిందన్న సమస్యకు, మహావీరులైన పాండవులు విరటుడి కొలువులో ఊడిగం చేశారని చెప్పి తెనాలి రామకృష్ణుడు పూరించాడన్న చాటుకథ మనందరిదీ. చరిత్రగా అది నిలుస్తుందా లేదా అన్నది వేరే మాట. ప్రశ్నను మార్చకుండా ప్రశ్న కూర్చున్న నేలను మార్చడమే సృజన అని తెలుగువాడు దేన్ని చూపించి చెప్పుకున్నాడో దానివల్ల తెలుస్తుంది.

కట్టుబాట్లు సృజనకు సంకెళ్లన్న నమ్మకం గిల్‌ఫర్డ్ తరంలో బలంగా ఉండేది. ఆ తరువాత శాస్త్రమే మెల్లగా దాన్ని సడలించుకుంది. డాక్టర్ స్యూస్ అనే పిల్లల రచయిత యాభై మాటలు మించకుండా పుస్తకం రాయగలనని తన ప్రచురణకర్తతో పందెం కాసి, 1960లో రాసి గెలిచాడు. ఆ పుస్తకం పేరే పెట్టుకుని కాట్రినెల్ హాట్-ట్రాంప్ 2017లో ఒక పరిశోధన ప్రకటించింది. శుభాకాంక్షల కార్డుల కోసం ప్రాస కుదిరే రెండేసి పంక్తులు రాయమని, కొన్నిటికి ఫలానా మాట తప్పక రావాలని షరతు పెట్టింది. షరతుతో రాసినవే ఎక్కువ సృజనతో ఉన్నాయి. చదివి నవ్వుకున్నాను. మన దత్తపది పృచ్ఛకుడు ఇస్తున్నది ఆ ఒక్క మాటకు నాలుగింతలు.

ఇక్కడిదాకా నేను అవధానం వైపు మొగ్గుతున్నట్టు కనిపిస్తే అది పొరపాటు కాదు. అయితే ఇటుక వాళ్లు వేయగల పెద్ద ప్రశ్న ఒకటుంది: పొదగడానికి సమయమెక్కడ?

ఫ్రెంచ్ గణితజ్ఞుడు ఆన్రీ పోంకారే 1908లో పారిస్ మనస్తత్వవేత్తల ముందు తన అనుభవం చెప్పాడు. కుస్తీ పట్టిన సమస్యను వదిలేసి ఒక భూగర్భశాస్త్ర యాత్రకు పోయాడు. కూతాన్స్ అనే ఊళ్లో గుర్రపు బండి మెట్టు మీద కాలు పెట్టిన క్షణంలో పరిష్కారం తట్టింది. అప్పుడు మనసులో దాని ఊసే లేదు. ఇలాంటి కథల్ని పోగుచేసి గ్రేహమ్ వాలస్ 1926లో సృజనకు నాలుగు దశలు చెప్పాడు. మొదట సిద్ధపడటం, తరువాత పొదగడం, తరువాత స్ఫురించడం, చివర సరిచూసుకోవడం. ఇందులో రెండోది అసలు రహస్యం. కోడి గుడ్ల మీద కూర్చున్నట్టు మనసు కూర్చుంటుంది, పైకి ఏమీ జరుగుతున్నట్టుండదు. మూడు నాలుగు గంటల్లో ముగిసే అష్టావధానంలో ఈ కూర్చోవడం ఎక్కడ?

చాలాకాలం నేనూ లేదనే అనుకున్నాను. ఇప్పుడు ఉందనుకుంటున్నాను, అదీ చాలా తెలివైన చోట. అవధానంలో సమస్య ఇచ్చినవాడికి పద్యమంతా ఒకేసారి చెప్పరు. మొదటి ఆవృత్తంలో ఒక పాదం చెప్పి దత్తపది దగ్గరికి పోతారు, అక్కడినుంచి వర్ణనకు, ఆశువుకు. మధ్యమధ్య మోగించే గంటలు లెక్కపెట్టాలి. అందరినీ చుట్టి వచ్చేసరికి ఇరవై నిమిషాలో అరగంటో గడుస్తుంది. అప్పుడు సమస్యకు రెండో పాదం. ఆ ఇరవై నిమిషాలూ సమస్య ఎక్కడుంది? మనసు వెనక గదిలో, కోడి కింద. 2017లో కొలంబియా విశ్వవిద్యాలయంలో జాక్సన్ లూ, అతని సహచరులు ఒక ప్రయోగం చేశారు. రెండు సృజన ప్రశ్నలిచ్చి, కొందరిని ఒకటి సగం సమయం, ఇంకొకటి సగం సమయం చేయమన్నారు. కొందరిని ఇష్టం వచ్చినప్పుడు మారమన్నారు. ఇంకొందరిని మాత్రం ఒకదానినుంచి ఒకదానికి పదేపదే మార్చారు. ఈ చివరివాళ్లే బాగా చేశారు. ఒకే ఆలోచనకు మనసు అతుక్కుపోకుండా ఆ మార్పు కాపాడుతుందని వాళ్ల వివరణ. ఆవృత్తాల చక్రం అదే పని చేస్తుంది. పోంకారేకు బండి మెట్టు ఒకటే దొరికింది. అవధానికి ఆవృత్తానికి ఎనిమిది మెట్లు.

అప్రస్తుత ప్రసంగాన్ని కూడా ఈ వెలుగులో చూడాలి. మా ఊరి సభలో ఆ అంశం చూసే పృచ్ఛకుడు, "అవధానిగారూ, ఇప్పుడు కరెంటు పోతే ఏం చేస్తారు?" అన్నాడు. "ఇంతసేపూ మీ ప్రశ్నలతో చీకట్లోనే ఉన్నాను కదండీ!" అన్నారాయన. పందిరంతా గొల్లుమంది. ఏకాగ్రత చెడగొట్టడానికే ఆ స్థానం ఉందంటారు. ఆర్థర్ కోస్లర్ 1964లో రాసిన పెద్ద పుస్తకంలో హాస్యాన్నీ శాస్త్ర ఆవిష్కరణనూ ఒకే చెట్టు కొమ్మలుగా చూపించాడు. రెండు వేర్వేరు చట్రాలు ఢీకొన్నచోట ఒకసారి నవ్వు పుడుతుంది, ఒకసారి కొత్త సత్యం పుడుతుంది. ఆ లెక్కన అప్రస్తుతమే అన్నింటికంటే ప్రస్తుతం. అయితే ఈ మధ్య వింటున్న అప్రస్తుతాలు చాలావరకు భార్యల మీద పాత జోకులు. అక్కడ ఢీకొనే చట్రమూ లేదు, పుట్టే సత్యమూ లేదు.

ఇక జ్ఞాపకం. దీని గురించి పొగడ్త ఇప్పటికే చాలా జరిగింది కాబట్టి క్లుప్తంగా చెప్తాను. మనసు ఒకసారి పట్టుకోగలిగినవి ఏడు, రెండు అటూ ఇటూ అని జార్జ్ మిల్లర్ 1956లో చెప్పాడు. 1980లో ఎరిక్‌సన్, చేస్ బృందం ఒక కాలేజీ విద్యార్థికి సుమారు ఇరవై నెలలు సాధన చేయించింది. వరసగా చదివి వినిపించిన అంకెల్లో అతను 79 దాకా అప్పజెప్పగలిగాడు. అతను పరుగుపందేల కుర్రాడు. అంకెల్ని పరుగు సమయాలుగా మార్చుకుని గుంపులు కట్టాడు. అవధానికి ఆ గుంపు కట్టిపెట్టేది ఛందస్సు. ఉత్పలమాల పాదంలో ఇరవై అక్షరాలు, పదో అక్షరం యతి, రెండోది ప్రాస. ఈ కొక్కేలకు తగిలించిన మాట జారదు. ధారణలో పద్యాలన్నీ వరసగా అప్పజెప్తుంటే మనం అద్భుతమంటాం. నన్నయ కాలంనుంచీ ఛందస్సు చేస్తున్న చాకిరీ అది.

ఇప్పుడు అవధానానికి వ్యతిరేకంగా చెప్పవలసినది. రాబర్ట్ జాయన్స్ 1965లో ఒక పాత చిక్కుముడి విప్పాడు. పదిమంది చూస్తుంటే బాగా నేర్చుకున్న పని మరింత బాగా వస్తుంది, కొత్త పని మరింత చెడిపోతుంది. పదిమంది ఎదుట మనిషిలోంచి ముందుగా పైకి తన్నుకొచ్చేది బాగా అలవాటైనదే. అవధానికి ఎదురుగా పదిమంది కాదు, ఊరంతా ఉంటుంది. కాబట్టి అక్కడ పైకి వచ్చేవి ఎప్పుడో సాధన చేసి పెట్టుకున్న సమాసాలూ, విశేషణాలూ, ఉపమానాలూ అయ్యే అవకాశం ఎక్కువ. యుగోస్లావియా గాయకులు వేల పంక్తుల వీరగాథల్ని అప్పటికప్పుడు ఎలా అల్లుతారో మిల్మన్ ప్యారీ, ఆల్బర్ట్ లార్డ్ వెలికి తీశారు. గాయకుడి దగ్గర ఛందస్సుకు సరిపోయే పలుకుబళ్ల మూట ఒకటుంటుంది, అల్లిక దానితో జరుగుతుంది. వర్ణనాంశంలో వసంతమో చంద్రోదయమో ఇచ్చినప్పుడు మన అవధానులు విప్పేది అలాంటి మూటే. చాలా వర్ణన పద్యాలు వింటుంటే ఇదివరకు ఎక్కడో విన్నట్టు ఉండటానికి కారణం అదే. నిషిద్ధాక్షరి ఎందుకంత విలువైనదో ఇక్కడ మళ్లీ అర్థమవుతుంది. సభలో భయం ఏ అలవాటు మాటను నాలుక మీదికి తోస్తుందో, పృచ్ఛకుడు వెతికి వెతికి దాన్నే కొట్టేస్తాడు.

ఇంతకంటే గట్టి ఆక్షేపణ ఒకటుంది. తిరుపతి వేంకట కవులు అవధానాన్ని సంస్థానాలకూ ఊళ్లకూ తీసుకెళ్లి దాన్నొక ఉద్యమం చేశారు. కొప్పరపు సోదర కవులతో వాళ్ల స్పర్ధ ఒక తరం తెలుగువాళ్లను రెండు పక్షాలుగా చీల్చింది. అంతటి ప్రతిభావంతులు సభల్లో చెప్పిన వేల పద్యాల్లో జనం నోట మిగిలినవెన్ని? రచ్చబండ దగ్గర, నాటకాల పందిట్లో హార్మోనియం పెట్టుకుని రాగాలు తీసి పాడుకున్నవి వాళ్ల పాండవ నాటకాల పద్యాలు. నాటకాలుగా కూర్చుని రాసినవి. ఆ జంటకవుల్లో ఒకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారి శిష్యుడు విశ్వనాథ సత్యనారాయణ గురువుగారినుంచి ధార తీసుకున్నాడు గాని, సభ తీసుకోలేదు. ఈ లెక్క అవధానం పక్షాన నిలబడినవాడికి మింగుడుపడదు. నాకూ పడలేదు.

ఇటుక వైపు లెక్క కూడా చూద్దాం. టొరెన్స్ 1958లో మొదలుపెట్టి పరీక్షించిన బడిపిల్లల్ని ఆ తరువాత కూడా వెంబడించారు. యాభై ఏళ్ల తరువాత మార్క్ రంకో, అతని సహచరులు 2010లో ఫలితం ప్రకటించారు. చిన్నప్పటి మార్కులకూ, వాళ్లు తమ సొంత జీవితంలో తమకోసం చేసుకున్న సృజనకూ కొంత పొంతన ఉంది. నలుగురూ గుర్తించిన విజయాలకు మాత్రం పొంతన దొరకలేదు. అంటే ఇటుక పరీక్ష మనిషి ఇంట్లో ఎలా ఉంటాడో చెబుతుంది, వీధిలో ఏమవుతాడో చెప్పదు. అవధానం వీధిలోనే పుట్టింది, వీధిలో మెరుస్తుంది, ఇంటికొచ్చి నిలిచే పద్యాన్ని మాత్రం అరుదుగా ఇస్తుంది. లోపాలు అద్దంలో బొమ్మల్లా ఎదురెదురుగా ఉన్నాయి.

దీనికి కారణం పదో శతాబ్దపు తొలినాళ్లలో కన్నోజు కొలువులో ఉన్న రాజశేఖరుడి దగ్గర దొరికింది. కావ్యమీమాంసలో ఆయన కవి దినచర్యను ఝాములుగా పంచాడు. పొద్దున చదువు, తరువాత రచన, భోజనమయ్యాక కావ్యగోష్ఠి, నాలుగో ఝాములో ఆ పూట రాసినదాన్ని పరీక్షించుకోవడం. రసావేశంలో రాస్తున్నవాడికి వివేచన దృష్టి ఉండదు, అందుకే సాయంత్రం మళ్లీ చూసుకోవాలని ఆయన చెప్పిన కారణం. వాలస్ నాలుగో దశ వెయ్యేళ్ల ముందే ఇక్కడ ఉంది, పైగా వేళతో సహా. అవధానంలో లేనిదల్లా ఈ నాలుగో ఝామే. చెప్పిన పాదం చెప్పినట్టే ఉండిపోవాలి. ఇటుక పరీక్షలోనూ ఆ ఝాము లేదు. మూడు నిమిషాలు కాగానే కాగితం లాక్కుంటారు. జాజ్ పియానో వాద్యకారుల మెదళ్లను 2008లో చార్లెస్ లిమ్, అలెన్ బ్రౌన్ స్కానర్‌లో చూశారు. అప్పటికప్పుడు అల్లి వాయిస్తున్నప్పుడు, తనను తాను తనిఖీ చేసుకునే పనులకు సంబంధించిన నుదుటి వెనక భాగాల్లో చురుకుదనం తగ్గింది. రాజశేఖరుడు వివేచన దృష్టి ఉండదన్నదానికి ఇంతకంటే దగ్గర బొమ్మ దొరకదు. ఆ భాగాలు మళ్లీ మేలుకునేదాకా ఆగడానికి రెండు పరీక్షలకూ తీరిక లేదు.

రాజశేఖరుడి దగ్గరే ఇంకో మాట ఉంది, నాకు దానితోనే ఎక్కువ పని. ప్రతిభ రెండు రకాలన్నాడాయన. చేసేవాడిది కారయిత్రి, ఆస్వాదించి తూచేవాడిది భావయిత్రి. రెండోదాన్ని కూడా ప్రతిభే అన్నాడు. ఆ భావకుల్లో మళ్లీ రకాలు చెప్పాడు. ఏదీ రుచించనివాడు ఒకడు, అసూయపరుడు ఒకడు, సారం పట్టుకునేవాడు ఒకడు. గడ్డితో సహా అన్నీ మేసేసేవాడు ఇంకొకడు. లెక్కల మాస్టారి ఇరవై రెండు జవాబులకు మురిసిపోయిన మా శిక్షకుడు ఈ చివరి రకం. ప్రతి పాదానికీ చప్పట్లు కొట్టే సభ కూడా అంతే. గిల్‌ఫర్డ్ ప్రపంచంలో భావకుడికి చోటే లేదు, మార్కుల పుస్తకం ఉంది. తరువాత తరంలో తెరీసా అమబిలే, సృజనను ఆ రంగం తెలిసినవాళ్లే తూచాలని 1980ల్లో పద్ధతి తయారుచేస్తేగాని వాళ్లకు ఆ మనిషి గుర్తుకు రాలేదు. అవధానం ఆ మనిషిని మొదటినుంచీ వేదిక మీద, అవధానికి ఎదురుగా కూర్చోబెట్టింది. ఎనిమిది కుర్చీలు వేసి మరీ. నాన్న ఆ రాత్రి అవధానిని వదిలి బక్కపలచటి మాస్టారి వంక ఎందుకు చూశాడో నాకు చాలా ఏళ్లకు తెలిసింది.

మొన్న వేసవిలో మా ఇంటికి వచ్చిన పిల్లలతో రెండు పరీక్షల్నీ కలిపి ఆడాను. అన్నయ్య మనవడు ఇటుకకు ఉపయోగాలు చెప్పాలి. వాడి చెల్లెలు పృచ్ఛకురాలు. వాడు నోరు తెరిచేలోపు వాడు చెప్పబోయేది ఊహించి నిషేధించాలి. "గోడ వద్దు," అంది. వాడు మెట్టు అన్నాడు. "కట్టేవి ఏవీ వద్దు," అంది. వాడు ఆలోచించి, కుక్కను తరమొచ్చు అన్నాడు. "కొట్టేవీ వద్దు." వాడికి కోపం వచ్చింది. ఎండలో పెట్టి, పొద్దుగూకాక గుడ్డలో చుట్టి తాతయ్య మోకాలికి కాపడం పెట్టొచ్చు అన్నాడు. నేను కాగితం మీద దాని పక్కన పెద్ద టిక్కు పెట్టాను. చెల్లెలు మాత్రం ఒప్పుకోలేదు.

"తాతయ్యా, వాడు నీ మోకాలు పట్టుకుంటాడని నాకు ముందే తెలుసు. మంచోడు కదా అని నిషేధించలేదు. ఇప్పుడు నిషేధిస్తున్నాను, ఇంకోటి చెప్పమను."